ఏడు తరాలు, ఆరు ఫోన్లు

యాకూబ్‌కు వాళ్ళందరి తాతలూ తెలుసు. ఆ తాతల్లో సగంమందిని పుట్టించింది తనే.

మస్కట్ పక్కన అల్ హైల్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అతడు డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా విల్లాల ప్లాన్లు గీసేవాడు. గురువారం డ్యూటీ అయ్యాక అదే బల్ల మీద, అదే ట్రేసింగ్ కాగితం మీద, అదే నల్లసిరా పెన్నుతో కడప–హైదరాబాద్ షజరా అంజుమన్ వారి వంశవృక్షాలు గీసేవాడు. షజరా అంటే వంశవృక్షమే. మస్కట్‌లో ఉద్యోగాలు చేసుకునే పాతిక ముప్పై కుటుంబాలవాళ్ళు తమ తమ వంశాలను వెతుక్కోవడానికి పెట్టుకున్న సంఘం అది. చెట్టుకు పైన కొమ్మల్లో ఇప్పటి పిల్లల పేర్లు ఉండేవి. కింద వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ప్రతి చెట్టుకూ ఒక ఖాజీ, కోటను కాచిన ఒక కిల్లేదారు, కాకపోతే ఒక హకీం దొరికేవాడు. ఒక్కడి ముత్తాత కూడా కిరసనాయిలు అమ్మిన పాపాన పోలేదు. ఒక్కడి తాత కూడా ఎడ్లబండి తోలలేదు. ఇంతమంది దొరలు పుట్టిన నేలలో బండ్లు ఎవరు తోలినట్టు, గోడలు ఎవరు కట్టినట్టు అని యాకూబ్ అనుకునేవాడు.

ట్రేసింగ్ కాగితం మీద సిరా తప్పు పడితే రబ్బరుతో పోదు. సగం విరిచిన బ్లేడు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాగితం చిరగకుండా గీకాలి.

"ఈ కసాయి హుసేన్‌ను గీకెయ్," అనేవాడు అంజుమన్ ప్రెసిడెంటు అబూబకర్, కుర్చీ మీద వెనక్కి వాలి పాన్ నములుతూ. "వాని జాగాలో హకీం హుసేన్ అని రాయి. మందులిచ్చేటోడు."

యాకూబ్ గీకేవాడు. ఎప్పుడో ఎక్కడో మాంసం కొట్టి పిల్లలను సాకిన ఒక మనిషి బూడిదరంగు పొడిగా రాలి బల్ల అంచుకు చేరేవాడు. యాకూబ్ ఊదితే అదీ పోయేది. తరువాత అమ్మోనియా మెషీన్‌లోంచి నీలిగీతల ప్రింటు తడితడిగా బయటికి వచ్చేది; అందులో కొత్త హకీం, వెన్నెల్లో ఆరేసిన పంచెలాగా, ఏ మచ్చా లేకుండా వెలిగేవాడు. ఎంత గొప్ప వంశమైనా మొదటి మూడు రోజులూ అమ్మోనియా కంపు కొట్టేది. వాళ్ళు దాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని పోయేటప్పుడు యాకూబ్‌కు ఒక చిన్న తృప్తి.

ఇంత ఏవగింపు ఉన్నవాడు నాలుగేళ్ళుగా పైసా తీసుకోకుండా ఆ పని ఎందుకు చేస్తున్నట్టు? దానికి ఒకే కారణం. అతని అన్న.

వాళ్ళది కడప జిల్లా కమలాపురం. నాయన ఫకీరప్ప దూది ఏకేవాడు. భుజాన విల్లు, చేతిలో చెక్క సుత్తి. ఊరూరూ తిరిగి పరుపులూ బొంతలూ కుట్టేవాడు. విల్లు తంతి మీద సుత్తి పడితే ఇల్లంతా ఒక్క గొంతుతో మూలిగేది. ఆ మూలుగు నుంచి దూది తెల్లగా లేచి, గాలిలో ఆగి ఆగి దిగేది. నాయన తల ఎడమకు వంచి, ఒక చెవి అరచేత్తో మూసుకుని, తంతి శ్రుతి విని బిగించుకునేవాడు. దూదేకులవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఉర్దూ ఇళ్ళవాళ్ళు అందుకే వాళ్ళను తమ పక్కన కూర్చోబెట్టుకోరు.

అన్న ఖాశిం యాకూబ్ కంటే పదేళ్ళు పెద్ద. డెబ్భై ఆరులో బొంబాయి నుంచి లాంచీ ఎక్కి, కాగితాలేవీ లేకుండా ఒమాన్ ఒడ్డున దిగాడు. బర్కాలో ఖర్జూరం తోటలో పని దొరికిందని రెండు ఉత్తరాలు రాశాడు. రెండో ఉత్తరంతో పాటు ఊరికి వస్తున్న మనిషి చేతికి ఒక జామెట్రీ బాక్సు ఇచ్చి పంపాడు. ఆ బాక్సే యాకూబ్‌ను ఐ.టి.ఐ. దాకా, డ్రాయింగ్ బల్ల దాకా నడిపించింది. ఆ తరువాత అన్న నుంచి అక్షరం లేదు. ఉన్నాడో పోయాడో తెలియదు. ఎనభై ఎనిమిదిలో కంపెనీ వీసా వచ్చినప్పుడు యాకూబ్ ఒమాన్‌కు కాదనకుండా వచ్చింది జీతం కోసం మాత్రమే కాదు.

ఏడాదిపాటు ప్రతి శుక్రవారం టాక్సీలో బర్కా పోయి తోటలన్నీ తిరిగాడు. తోటకొక ఖాశిం ఉన్నాడు. ఒకడు మలబారు వాడు, ఒకడు చిట్టగాంగు వాడు, ఒకడు సింధు వాడు. నీళ్ళ పంపుల చప్పుడు మధ్య, "ఇండియా ఖాశిమా? ఏ ఖాశిం?" అని అందరూ మర్యాదగానే అడిగారు, ఖర్జూరాలు చేతిలో పెట్టారు. తన ఖాశిం మాత్రం లేడు.

అప్పుడు తెలిసింది అంజుమన్ సంగతి. ఒమాన్‌లో ఉన్న మనవాళ్ళందరి రిజిస్టరు వాళ్ళ దగ్గర ఉందనీ, ప్రతి నెలా మీటింగులో పేర్లు చదువుతారనీ, అట్లా ఒకరికి మేనమామ, మరొకరికి చిన్నాన్న కొడుకు దొరికారనీ. యాకూబ్ పోయి అడిగాడు. అబూబకర్ అదే కంపెనీలో పర్చేజ్ ఆఫీసరు. కడప వాడే. ఉర్దూలో అడిగినదానికి తెలుగులో జవాబిచ్చాడు. నీతో ఉర్దూ ఎందుకులే అన్నట్టు.

"రిజిస్టర్‌లో పేరు ఎక్కాలంటే ఏడు తరాలు చెప్పల్ల. చెప్పు."

"యాకూబ్. మా నాయన ఫకీరప్ప. ఆయన నాయన హుసేనప్ప. ఆయన నాయన పెద్ద మస్తాను."

"ఆ తర్వాత?"

"తెలీదు సార్. దూది ఏకినారు."

"అదే గదా," అన్నాడు అబూబకర్ పక్కవాళ్ళ వైపు తిరిగి. "దూది గదప్పా. మీ తాతలు గాలికి పోయింటారు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఎవరో ఇతను డ్రాయింగులు బాగా గీస్తాడట అన్నారు. అట్లా మొదలైంది ఆ చాకిరీ. "చూద్దాంలే, మీయన్న పేరు ఒకసారి మీటింగులో చదివిస్తాలే" అన్న మాట నాలుగేళ్ళుగా వచ్చే నెలలోనే ఉంది.

తొంభై మూడు నవంబరులో టీవీవాళ్ళు విరాళాల కార్యక్రమం పెట్టారు. యుద్ధంలో ఇళ్ళు పోగొట్టుకున్న పిల్లల కోసం. శుక్రవారం మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడు దాకా నేరుగా ప్రసారం. జనం ఫోన్ చేసి ఎంత ఇస్తారో చెబితే రాసుకోవాలి. హిందీ ఉర్దూ మాట్లాడేవాళ్ళ ఫోన్లు తీసుకోవడానికి ఆరుగురు వాలంటీర్లు కావాలన్నారు. అబూబకర్ పదిహేను మందిని తీసుకుపోతానన్నాడు. వారం రోజులు అంజుమన్‌లో యుద్ధం గురించీ పిల్లల గురించీ ఎవరూ మాట్లాడలేదు. షేర్వానీలకు ఇస్త్రీ గురించి మాట్లాడారు. కెమెరాకు ఏ పక్కన కూర్చుంటే ముక్కు బాగా పడుతుందో మాట్లాడారు. ఎవరి చెట్టు పెద్దదో వాళ్ళే ముందు కూర్చోవాలని తీర్మానమైంది.

"నువ్వూ రా యాకూబ్," అన్నాడు అబూబకర్. "చాయ్ అందియ్యల్ల, ఫారాలు అటూ ఇటూ మొయ్యల్ల. ఈ పని కానీ. వచ్చే మీటింగులో మీయన్న పేరు చదవకపోతే నన్నడుగు."

యాకూబ్ పోయాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ మాటకు ఒక పూచీ వచ్చింది మరి.

స్టూడియోలో చలి. మూడు పొడవాటి బల్లలు, బల్లకు ఆరు ఫోన్లు; ఏ ఫోన్ నంబరు ఆ ఫోన్ ముందే పెద్దగా రాసి ఉంది. అరబ్బీ వాళ్ళ బల్ల, ఇంగ్లీషు వాళ్ళ బల్ల, చివరన వీళ్ళది. వెనుక అంజుమన్ పేరుతో యాకూబ్ రాసిన బ్యానరు. ప్రతి బల్ల ముందూ ఒక బోర్డు; పోగైన మొత్తం ఎంతో అందులో అంకెలు మారుతూ ఉంటాయి. ఫారంలో నాలుగే గళ్ళు: పేరు, ఫోన్ నంబరు, ఎంత ఇస్తారు, చిరునామా. నాదియా అనే ఒమానీ అమ్మాయి ఆ పని చూస్తోంది. ఇండియా వ్యాపారులుండే మత్రా బజారులో పెరిగింది కాబట్టి హిందీ నీళ్ళలా మాట్లాడుతుంది. నాలుగు గళ్ళనూ వేలితో చూపించి రెండుసార్లు చెప్పింది. షేర్వానీలన్నీ తలలూపాయి.

ఫోన్లు మోగాయి. ఒక గంట గడిచింది. అరబ్బీ బల్ల బోర్డు వేలల్లోకి పోయింది. ఇంగ్లీషు బల్ల దాని వెంట పడింది. అంజుమన్ బోర్డు నలభై రియాళ్ళ దగ్గర, ఎండలో మొండికేసిన గాడిదలాగా నిలబడిపోయింది. ఫోన్లు మాత్రం ఒక్క నిమిషం ఖాళీ లేవు.

యాకూబ్ ట్రేలోంచి ఫారాలు తీసి నాదియా బల్లకు మోస్తూ చూశాడు. ఎంత ఇస్తారు అన్న గడి ఖాళీగా ఉంది. ఫోన్ నంబరు గడి ఖాళీగా ఉంది. పేరు గడిలో మాత్రం పేరు, దాని కింద తండ్రి పేరు, తాత పేరు, గడి చాలక అంచు మీదుగా ముత్తాత. కాగితం వెనక మొత్తం కొమ్మలూ రెమ్మలూ. వాళ్ళ ఉర్దూ పేర్లను గీసి గీసి ఆ లిపి యాకూబ్‌కు వచ్చేసింది. ఇప్పుడు ఒక్కో ఫారం చదువుతుంటే నవ్వు గొంతులో పురి తిరిగింది. ఇళ్ళు కాలిపోయిన పిల్లల కోసం తెరిచిన ఫోన్లలో వీళ్ళు తమ తాతలను వెతుక్కుంటున్నారు.

బల్ల మధ్యలో అబూబకర్ అత్త అక్తరీ బేగం కూర్చుని ఉంది. ఆమె నోరే అంజుమన్ రిజిస్టరు. ఇరవై నిమిషాలుగా రూవీ నుంచి ఫోన్ చేసిన ఒకావిడను వదలలేదు. "అయితే నువ్వు మునీర్ వదిన చెల్లెలి కూతురివా? అల్లా, మీ ఇంట్లో ఖుబానీ మీఠా నా నాలుక మీద ఇంకా ఉందే," అని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. అవతల ఆవిడా ఏడుస్తున్నట్టుంది. కెమెరా ఆ కన్నీళ్ళను దగ్గరగా చూపించింది. యుద్ధం పిల్లల కోసమే అనుకుని దేశమంతా చూసి ఉంటుంది.

నాదియా ఫారాల కట్ట పట్టుకుని వచ్చింది. "చాచా, ఇదేమిటి? ఈయన ఎంత ఇస్తానన్నాడు?"

అబూబకర్ ఫారం చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. "బేటీ, వాళ్ళు మీర్ ఖాందాన్, గొప్ప వంశం. వాళ్ళ తాత వాకిట్లో ఏనుగుండేది."

"ఏనుగు ఎంత ఇస్తానంది?"

"అంత పెద్దింటి మనిషిని పట్టుకొని ఎంత అని అడుగుతామా? అది అదబ్ కాదు. ఖాందాన్ అడగడం మర్యాద. పైసలడగడం భిక్షగాళ్ళ పని."

"మనం ఇక్కడ కూర్చున్నదే అడగడానికి చాచా. నంబరైనా రాశారా, మళ్ళీ ఫోన్ చేసి కనుక్కోవడానికి?"

నంబరు ఎవరూ రాయలేదు. ఏడు తరాలు తెలిసిన మనిషికి నంబరు ఎందుకు? నాదియా ఆ కట్టను యాకూబ్ చేతిలో పెట్టింది. "వీటిల్లో పనికొచ్చేవి ఏమైనా ఉంటే తీసి ఇవ్వు. మిగతావి చెత్తబుట్టలో వెయ్యి."

యాకూబ్ ఒక మూల నిలబడి ఫారాలు తిప్పాడు. ఏనుగు, ఖాజీ, కిల్లేదారు. అయిదో ఆరో కాగితం మీద అడ్డంగా గట్టి గీత కొట్టి ఉంది. గీత కింద పేరు: ఖాశిం. తండ్రి: ఫకీరప్ప. ఊరు: కమలాపురం. అంచున ఒకే మాట, పింజారీ. అంటే దూదేకులవాడు.

స్టూడియో దీపాలన్నీ ఒక్కసారి దూరంగా జరిగినట్టయింది. చెవుల్లో ఎక్కడో ఒక తంతి మోగింది.

ఆ రాత జావెద్‌ది. హైదరాబాద్ వాడు, ఏసీ సామాన్ల సేల్స్‌మన్, కెమెరాకు దగ్గరి చివరి కుర్చీలో కూర్చున్నాడు. యాకూబ్ పోయి కాగితం ముందు పెట్టాడు. "జావెద్ భాయ్, ఈ మనిషి ఏమన్నాడు?"

"ఎవరు? ఓ, వీడా. అయిదు రియాల్ రాసుకో అన్నడు. నేను ముందుగాల ఖాందాన్ చెప్పు మియా అన్న. బాప్ పేరు చెప్పిండు. ఏం చేస్తరు మీరు అంటే దూది ఏకుతం అన్నడు." జావెద్ నవ్వాడు. "లైన్ ఖరాబ్ ఉందని పెట్టేసిన. టైం వేస్ట్."

"యాడినుంచి చేసినాడు?"

"నాకేమెరుక. టకటక అని మిషన్ చప్పుడు వస్తుండె వెనకాల. టీవీల నన్ను చూస్తున్న అన్నడు. అందరూ చూస్తున్నరులే."

పదిహేడేళ్ళకు ఒక్కసారి మోగిన గొంతు. దాన్ని ఇతను టైం వేస్ట్ అని పెట్టేశాడు. యాకూబ్‌కు జావెద్ మెడ పట్టుకోవాలనిపించలేదు; అంత విలువ కూడా ఇవ్వబుద్ధి కాలేదు. సిరా మరకను చూసినట్టు చూశాడు. తరువాత ఒకటే లెక్క వేసుకున్నాడు. అన్న బతికే ఉన్నాడు. టీవీ చూస్తున్నాడు. ఇంకా రెండు గంటల టైం ఉంది.

నేరుగా నాదియా దగ్గరికి పోయాడు. "మేడం, నాకొక ఫోన్ ఇప్పించండి. ముందు ఎంత ఇస్తారో రాస్తాను, తర్వాత నంబరు. కెమెరాకు దగ్గరున్న ఆ చివరి కుర్చీ అయితే మేలు."

నాదియా అతన్ని కిందికీ పైకీ చూసింది. అంగీ జేబులో పెన్ను, చేతిలో ఫారాల కట్ట. అంజుమన్ బోర్డు వైపు చూసింది. ఇంకా నలభై. "లేవండి భాయ్," అంది జావెద్‌తో.

జావెద్ లేవలేదు. అబూబకర్ లేచాడు. "బేటీ, ఇతను మా మెంబరు కాదు. చాయ్ కోసం తెచ్చినాం. టీవీలో కూర్చునే మనిషి కాదు."

"ఇతను అంకెలు రాస్తాడా?"

అబూబకర్ షేర్వానీ గుండీ సర్దుకున్నాడు.

"అంకెలు రాస్తాడు కదా. అయితే కూర్చుంటాడు."

జావెద్ టోపీ సర్దుకుంటూ లేచాడు. "కూర్చో నవాబ్ సాబ్," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

యాకూబ్ కూర్చున్నాడు. ఫోన్ మోగడం ఆలస్యం, "ఎంత రాసుకోమంటారు? నంబరు చెప్పండి. పేరు. షుక్రియా," అని పెట్టేస్తున్నాడు. పది, ఇరవై, మూడు, నూరు. బోర్డు కదిలింది. పక్కన అక్తరీ బేగం, "ఏం మొరటు మనిషమ్మా, పలకరింపే లేదు," అని ముక్కు విరిచింది. మిగతా అయిదు ఫోన్ల మీదా వంశాలు ప్రవహిస్తూనే ఉన్నాయి. ఆ గోలలో అవతలి మాట వినపడక యాకూబ్ తల ఎడమకు వంచి, ఖాళీ చెవిని అరచేత్తో మూసుకున్నాడు. ప్రతి రింగుకూ వెనకాల మిషన్ చప్పుడు కోసం వినేవాడు. మళ్ళీ ఎవరో మలబారు మనిషి, ఎవరో లాహోరు మనిషి. కెమెరా మూడుసార్లు అతని మీదుగా పోయింది. అయిదున్నర దాటింది. ఆరు దాటింది.

ఆరుంపావుకు ఫోన్ ఎత్తితే వెనకాల టకటకమని మిషన్ చప్పుడు.

"ఎంత రాసుకోమంటారు?" అన్నాడు యాకూబ్. ఆ మాట తెలుగులో వచ్చింది. అతను అనుకుని అన్నది కాదు.

అవతలి గొంతూ తెలుగులోకి తిరిగింది. "ఇందాక అయిదు రియాళ్ళంటే ఫోన్ పెట్టేసినారప్పా. అది రాసుకో. అది గాక ఒక మాట. ఆ చివర్న, చెవి మూసుకొని కూర్చోనుండేది నువ్వేనా?"

"నేనే."

"తప్పుగా అనుకోవాకు. నువ్వు ఎవరి కొడుకువు?"

నాలుగేళ్ళుగా యాకూబ్ ఆ ప్రశ్నను ఉమ్మేయాలనుకుంటూ విన్నాడు. ఆ ప్రశ్న మనుషులను గుమ్మం బయట నిలబెట్టడం చూశాడు. ఇప్పుడది ఫోన్ తీగ మీదుగా, దూదిపింజలాగా, ఏ బరువూ లేకుండా వచ్చి చేతిలో దిగింది.

"ఫకీరప్ప కొడుకును," అన్నాడు. "కమలాపురం. రెండోవాణ్ణి."

మిషన్ చప్పుడు ఆగింది.

"యాకోబా."

"ఊ."

"నాయనే అనుకున్నా రా టీవీలో. అట్లే వంచినావు తల. ఉత్తరాలు రాస్తే తిరిగొచ్చినాయి రా."

"ఇల్లు వంక నీళ్ళలో కొట్టుకొని పోయింది. ఎర్రగుంట్లకు వచ్చేసినాం. నువ్వు యాడుండావు?"

"అమెరాత్‌లో. పరుపుల అంగడి. పదేండ్లాయె."

అల్ హైల్ నుంచి ముక్కాలుగంట దారి. పదేళ్ళు. వెనక నుంచి అబూబకర్ యాకూబ్ భుజం మీద పొడిచాడు. నాదియా ఇందాక అన్నదంతా ఇప్పుడే తనకు తోచినట్టు గొంతు పెంచి, "ఏమయ్యా, లైన్లో జనం ఉన్నారు. రకం అడుగు. ఖాందాన్ గొడవ ఎందుకు?" అన్నాడు. రకం అంటే డబ్బు మొత్తం.

యాకూబ్ ఫారం ముందుకు లాక్కుని మొదట మూడో గడిలో అయిదు అని రాశాడు. తరువాత నంబరు. తరువాత చిరునామా, ఏ సందు, ఏ అంగడి పక్కన. అదే నంబరును అరచేతిలోనూ రాసుకున్నాడు. "ఏడింటికి ఇది అయిపోతుంది. వస్తాండా," అన్నాడు. చివరిగా పేరు గడిలో రాశాడు: దూదేకుల ఖాశిం. అక్షరాలు ప్లాను మీద రాసినట్టు నిటారుగా వచ్చాయి.

ఏడింటికి దీపాలు ఆర్పేశారు. అంజుమన్ వాళ్ళు బ్యానరు కింద నిలబడి ఫోటోలు దిగారు. బోర్డు మీద కనిపించిన అంకెలో ముక్కాలు పాలు ఒక్క కుర్చీదే అని నాదియా గట్టిగానే చెప్పింది. ఎవరూ విననట్టు నిలబడ్డారు. అబూబకర్ విన్నాడు, పర్చేజ్ ఆఫీసరు కాబట్టి లాభం ఎటుందో తెలిసినవాడు. బయట టాక్సీ కోసం నిలబడిన యాకూబ్ దగ్గరికి వచ్చి, జీవితంలో మొదటిసారి అతనితో ఉర్దూలో మాట్లాడాడు.

"చూశావా యాకూబ్ మియా, అంజుమన్ వల్లే గదా మీ అన్న దొరికాడు. మీ ఇద్దరి పేర్లూ రిజిస్టర్‌లో ఎక్కిద్దాం. మూడు తరాలున్నాయి. మిగతా నాలుగు నువ్వే రాసేసుకో. నీకు చేతనైన పనే కదా. ఒక ఖాజీని పెట్టుకో, నేను కాదనను."

యాకూబ్ అంగీ జేబులోంచి, కాగితంలో చుట్టి ఉంచుకున్న సగం బ్లేడు తీసి అబూబకర్ అరచేతిలో పెట్టాడు.

"మాకు మూడు చాలు సార్," అన్నాడు తెలుగులోనే. "ఆ ముగ్గురూ నిజంగా ఉన్నోళ్ళే."

టాక్సీ ఆగింది. అమెరాత్ అని చెప్పి ఎక్కాడు.